ముప్పై ఏడు వారి శేషం

రోజు 18,241

ఇవాళ పుస్తకం తెరవకుండానే మూసేద్దామనుకున్నాను. చేతికి బద్ధకం ఒక కారణం. మా తేలే ఊరు పుట్టినప్పట్నుంచి లెక్కపెట్టే రోజుల్లో ఇవాళ్టి సంఖ్య ముప్పై ఏడుతో నిశ్శేషంగా పోవడం రెండో కారణం. అలాంటి రోజుల్లో నేను తాడు కొయ్యను, గడ్డం గీసుకోను, పుస్తకం రాయను. మూఢనమ్మకం కాదు, ముందు జాగ్రత్త.

కాని పొద్దున్నే కరెంటిచ్చే ఎండపలకల మీద సముద్రపు కాకుల రెట్ట తుడుస్తుంటే పక్క పడవ మీంచి అసిరమ్మొదిన కేకేసింది. ఆవిడ మా పడవల కట్టుకు పెద్ద. డెబ్బై ఎనిమిదేళ్ళొచ్చినా ఆ గొంతుకు మైకు అక్కర్లేదు.

"ఓ మరిదీ! ఇన్నావా? తీరమండలోలు వస్తన్నారట!"

"పదేళ్ళకోపాలి వస్తారు గదా ఒదినా. కొత్తేటుంది?"

"ఈపాలి నోటితో సెప్తే సాలదట. ఇంటికొకరు పలక మీద లెక్క సేసి సూపించాలట. తొమ్మిదో నాడు, సరిగ్గా మన యాభయ్యేళ్ళ పండగ్గే. నువ్వు శేషాల పెద్దవి గదా, అందరికీ ఓపాలి మళ్ళా నేర్పీ."

నేర్పీ, అంది. నా గుండెల్లో రాయి పడింది.

లోపలికెళ్ళి నా భార్య దాలమ్మకు చెప్పాను. ఆవిడ చేపకు పొలుసు తీస్తూ, తల ఎత్తకుండా, "అయితే నీ పని అయిపోనాది" అంది. యాభై ఏళ్ళ కాపురంలో ఆవిడ నాకు చెప్పిన ధైర్యమంతా ఈ కొలతలోనే ఉంటుంది.

రోజు 18,243

పడవ అడుగున గుల్లలు గీకాను. మోకాళ్ళు ఒప్పుకోలేదు, అయినా గీకాను. గుల్లలు గీకేటప్పుడు బుర్ర ఖాళీగా ఉంటుంది, కాబట్టి గడిచిపోయినవన్నీ వచ్చి కూర్చుంటాయి.

మాది నూరింటికట్టు. వంద ఇళ్ళు, ఒక్కో పడవ మీద ఒక్కో ఇల్లు, అన్నీ మోకులతో ఒకదానికొకటి కట్టి ఉంటాయి. కింద మునిగిన భీమిలి ఉంది. ఆటుపోటు బాగా తగ్గినప్పుడు లైటుహౌసు కొన కనిపిస్తుంది, దాని మీద కాకులు పంచాయితీ పెట్టుకుంటాయి.

మా కట్టు సంఖ్య 2,94,409. దాన్ని మేం ఎంచుకోలేదు. మొట్టమొదట తేలిన బార్జి ఇనప పలక మీద అదే చెక్కి ఉంది, అదే మాకు అంటుకుంది. పుట్టుమచ్చను ఎవరు ఎంచుకుంటారు?

ఆ రోజుల్లో తీరాన్ని ఏలే తీరమండలివాళ్ళు తేలే ఊళ్ళను ఇష్టమొచ్చినట్టు విడగొట్టి, ముక్కలను తలోదిక్కుకూ లాక్కుపోయేవాళ్ళు. ఎందుకు విడగొట్టారని అడిగితే తలలు పగిలేవి. చివరికి ఎవరో తెలివైనవాడు, మనుషుల మాట వద్దు, సంఖ్య మాటే విందామన్నాడు. ఊరి సంఖ్య ఏ చిన్న సంఖ్యతో నిశ్శేషంగా పోతే ఊరిని అన్ని ముక్కలు చేస్తారు. దేనితోనూ పోకపోతే ముట్టుకోరు. ముక్క ఎంత చిన్నదైనా కొత్త ఊరే, దానికి మండలిలో ఒక సభ్యుడు, ఒక మంచినీళ్ళ మిషను ఇవ్వాల్సిందే. ఇదీ భాగాల చట్టం. వినడానికి పిచ్చిగా ఉంటుంది కాని, ఇది వచ్చాక తలలు పగలడం ఆగింది.

ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ పోని సంఖ్యను బళ్ళో ప్రధాన సంఖ్య అంటారు. మేం ఒంటికాయ అంటాం. మా సంఖ్య ఒంటికాయేనని మేమే రుజువు చేసుకోవాలన్నాడు అప్పటి గుమాస్తా. రెండు మొదలుకొని 541 దాకా ఉన్న ఒంటికాయలు సరిగ్గా వంద. ఇళ్ళూ వంద. ఇంటికొకటి పంచాడు. "మీ పాలితో, అంటే మీకొచ్చిన సంఖ్యతో, ఊరి సంఖ్యను భాగించండి, శేషం ఎంతో చెప్పండి. ఒక్క ఇంట్లో సున్నా వచ్చినా ఊరు విరిగినట్టే." 541 తర్వాతి ఒంటికాయ 547. దాన్ని దానితోనే గుణిస్తే 2,99,209, మా సంఖ్యను దాటిపోతుంది. విరిగే సంఖ్యకు ఒక చిన్న ముక్క 547కు లోపే దొరికి తీరాలి, కాబట్టి అక్కడితో ఆగితే చాలు. ఇదంతా నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకు పాతికేళ్ళు, మీసం తప్ప ఇంకేమీ లేదు.

నా పాలికి ముప్పై ఏడు వచ్చింది. నాకు భాగహారం రాదు. రాదని చెప్పడానికి కొత్త పెళ్ళాం పక్కనే నిలబడి ఉంది. గుమాస్తా "శేషం?" అన్నాడు. "నలభై రెండు" అన్నాను, గంభీరంగా.

గుమాస్తా పడీ పడీ నవ్వాడు. "అబ్బాయ్, ముప్పై ఏడుతో భాగిస్తే శేషం ముప్పై ఏడుకు లోపే ఉంటుందయ్యా."

"అయితే అందులో పెద్దది రాసుకోండి" అన్నాను.

ముప్పై ఆరు అని రాసుకున్నాడు. వాడికి భోజనం వేళయింది.

అదే మా ఇంటిపేరయింది. మాకు గోత్రాలు లేవు. పెళ్ళిపీటల మీద శేషాలు చదువుతాం: పదమూడు వారి శేషం పదకొండు, పదిహేడు వారి శేషం మూడు, ముప్పై ఏడు వారి శేషం ముప్పై ఆరు. ఎక్కువ మిగిలిన ఇల్లు కలిగిన ఇల్లని పిల్లనిస్తారు. మా రెండో వాడికి సంబంధం కుదిరింది ఆ ముప్పై ఆరును చూసే.

ఆ నవ్వు మాత్రం నా చెవిలో ఉండిపోయింది. కొన్నాళ్ళకు ఒక లెక్కల పుస్తకం నీళ్ళలో తేలుతూ వచ్చింది. ముందు పేజీలు లేవు, వెనక జవాబుల పేజీలూ లేవు. జవాబులు లేని పుస్తకం కాబట్టి ప్రతి లెక్కనూ నాకు నమ్మకం కుదిరేదాకా చేయాల్సి వచ్చింది. అలా చదువుకున్నాను. కట్టు మొత్తానికి లెక్క తెలిసినవాడిగా పేరొచ్చింది, శేషాల పెద్దను చేశారు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు.

భాగహారం పూర్తిగా పట్టుబడిన రోజున మొదట చేసిన లెక్క ఏదో చెప్పక్కర్లేదనుకుంటాను. 7,957 సార్లు పోయింది. మిగిలింది ఏమీ లేదు. మూడుసార్లు చేశాను. ముప్పై ఏళ్ళుగా అప్పుడప్పుడూ మళ్ళీ చేస్తున్నాను, ఏమైనా మారుతుందేమోనని. మారదు. అంకెలకు మొహమాటం ఉండదు.

రోజు 18,246

కట్టంతా పలకలు పట్టుకుని కూర్చుంది. పొగమంచు వలలు పిండేవాళ్ళు లేరు, తొట్టెలో నీళ్ళు అడుగంటాయి. ఉన్న ఒక్క మిషనూ దగ్గుతూ దగ్గుతూ రోజుకు నలభై బిందెలు ఇస్తోంది. ఇంటికి అర బిందె కూడా రాదు. ఈ లెక్క చేయడానికి పలక కూడా అక్కర్లేదు.

నేను ఇంటింటికీ వెళ్ళి భాగహారం చెబుతున్నాను. కాని వాళ్ళ సంఖ్యతో చెప్పను. మాలో ఒక కట్టుబాటుంది: ఒకరి పాలితో ఇంకొకరు భాగించకూడదు. అది పక్కింటి కుండలో గరిటె పెట్టినట్టు. ఒకసారి పంతొమ్మిది వారి అల్లుడు తాగి, ఇరవై మూడు వారి శేషం తొమ్మిది కాదు పది అన్నాడు. వాణ్ణి నీళ్ళలోకి తోసి, సారీ చెప్పాకే తాడు విసిరారు. శేషం నిజంగానే తొమ్మిదని తర్వాత తేలింది, వాళ్ళే చేసుకుని చూశారు కాబట్టి.

ఆ కట్టుబాటు వల్లే ఇన్నేళ్ళూ నేను ఆ 7,957ను ముట్టుకోలేదు. అది ఇంకా విరుగుతుందో లేదో తెలుసుకోవాలంటే వేరేవాళ్ళ పాళ్ళతో భాగించాలి గదా. కాని ఇవాళ మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే టార్పాలిన్ కింద దూరి మొదలుపెట్టాను. మునిగేవాడికి మర్యాదేమిటి? నలభై ఒకటి, పోలేదు. నలభై మూడు, పోలేదు. చెమట కారి సుద్ద తడిసింది. డెబ్బై మూడుకొచ్చేసరికి పోయింది. నూట తొమ్మిది సార్లు, నిశ్శేషంగా.

డెబ్బై మూడు అంటే అసిరమ్మొదిన ఇల్లు.

ప్రతి పెళ్ళిలోనూ ముందు వరుసలో కూర్చుని, "డెబ్బయ్యి మూడు ఓరి శేషం డెబ్బయ్యి రెండు! అంతకుమించి మిగల్చడం ఎవుడి తరమూ కాదు!" అని తొడ చరిచే అసిరమ్మొదిన.

ఇక నూట తొమ్మిది ఎల్లాజీది. వలలు బాగుచేస్తాడు, ఏడాదికి పది మాటలు మాట్లాడతాడు. వాళ్ళ శేషం ఒకటి అని యాభై ఏళ్ళుగా వింటున్నాం. పాపం, ఒకటే మిగిలిందని వాళ్ళ పిల్లకు సంబంధాలు ఆలస్యమయ్యాయి కూడా.

నేనొక్కణ్ణే దొంగననుకుని ముప్పై ఏళ్ళు కుమిలాను. ముగ్గురం. టార్పాలిన్ కింద ఎంతసేపు నవ్వానంటే, దాలమ్మ వచ్చి నుదురు పట్టి చూసింది, జ్వరమేమోనని.

రోజు 18,249

ఎండుచేపలు అడగాలన్న వంకతో అసిరమ్మొదిన పడవ మీదికి దిగాను. మోకు బిగిస్తోంది. నిన్న బిగించినదే.

"ఒదినా, రేపు మీ లెక్క నువ్వే సేస్తావా?"

"ఏం, నాకు రాదా ఏటి?"

"రాదని కాదు..."

"డెబ్బయ్యి రెండు. ఎప్పుడూ డెబ్బయ్యి రెండే." సముద్రం వైపు చూసింది. "మరి మీది?"

"ముప్పయ్యారు."

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ."

ఆవిడ మోకుకు ఇంకో ముడి వేసింది. తర్వాత ఆవిడ అంది, "మరిదీ, కట్టు ఇరిగిపోతే మన రెండిళ్ళూ ఒక ముక్కలో ఉంటాయంటావా?"

"లాటరీ ఏసి పంచుతారట ఒదినా. ఏ ఇల్లు ఎటు పోతాదో ఎవుడికి తెల్సు."

"యాభయ్యేళ్ళు నీ గురక ఇన్నాను. కొత్తోడి గురక ఇనాలంటే ఈ వయసులో నా వల్ల కాదు."

నాలుగు చేపలు అడిగితే పది ఇచ్చింది. ఊరికే ఒక్కటి ఎక్కువిచ్చే మనిషి కాదని తెలుసు కాబట్టి నాకు భయమేసింది.

రోజు 18,250

జరిగింది జరిగినట్టు రాస్తాను.

తీరమండలి అధికారి పేరు కళాధర్. నలభై ఏళ్ళుంటాయి, మంచి చొక్కా, మనిషి నేల మీదివాడు. మా కట్టు మీద కాలు పెట్టగానే సముద్రం అతని కడుపుని కనిపెట్టింది. దాలమ్మ ఒక బకెట్టు ఇచ్చింది. అప్పట్నుంచి అతను దాన్ని చంకలోంచి దించలేదు.

ముందు యంత్రం పెట్టాడు. చిన్న పెట్టె. సంఖ్య కొట్టాడు, అది కాసేపు గుర్రుమంది, పచ్చ దీపం వెలిగింది. "ప్రధాన సంఖ్యే" అన్నాడు. జనం ఈలలు వేశారు. నేను పెట్టె దగ్గరికి జరిగి అడిగాను.

"బాబూ, ఇది భాగించి సూసిందా?"

"లేదు పెద్దాయనా. పెద్ద పట్టణాల సంఖ్యలకు రెండు వందల అంకెలుంటాయి. వాటిని భాగిస్తూ కూర్చుంటే సముద్రం ఎండిపోతుంది. అందుకని అన్నిటికీ ఒకటే పరీక్ష. రెండునో మూడునో తీసుకుని దాంతోనే మళ్ళీ మళ్ళీ గుణించి, మీ సంఖ్యతో భాగిస్తే ఒకటి మిగులుతుందా అని చూస్తుంది. ప్రధాన సంఖ్యయితే మిగిలి తీరాలి."

అప్పుడు నాకు అర్థమైంది. కుండ కొనేటప్పుడు నీళ్ళు పోసి చూడం, వేలితో వాయించి చూస్తాం. ఖంగుమంటే మంచిదే అంటాం. నూటికి తొంభై తొమ్మిది కుండలకు ఆ మాట నిజం. కాని పగిలి కూడా ఖంగుమనే కుండలు ఎక్కడో ఒకటీ అరా ఉంటాయి. ఎన్నిసార్లు వాయించినా మంచి కుండలానే పలుకుతాయి. మా సంఖ్య అలాంటి కుండ. దాని మూడు ముక్కలూ అంత ఒద్దికగా అతుక్కున్నాయి: 37లోంచి, 73లోంచి, 109లోంచి ఒక్కొక్కటి తీసేస్తే 36, 72, 108. మా సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే 2,94,408. ఆ మూడూ దాన్ని నిశ్శేషంగా భాగిస్తాయి. యంత్రం మోసపోయేది అక్కడే. ఇంత అందమైన దొంగను నేను జీవితంలో చూడలేదు, అద్దంలో తప్ప.

"ఇక మీరు పలకలు చూపిస్తే అయిపోతుంది. లాంఛనమే" అన్నాడు కళాధర్, బకెట్టులోంచి.

రెండు వారు చేశారు, శేషం ఒకటి. మూడు వారిదీ ఒకటి. ఐదు వారిది నాలుగు. ముప్పై ఒకటి వారు రెండు మిగిల్చి చప్పట్లు కొట్టించుకున్నారు. పన్నెండో ఇల్లు మాది.

పలక తీసుకున్నాను. అతను నిజానికి చూడటం లేదు, కళ్ళు మూసుకుని ఊపిరి లెక్కపెట్టుకుంటున్నాడు. కింద ముప్పై ఆరు అని రాసి ఇచ్చేస్తే సరిపోయేది. నేనూ అలాగే అనుకున్నాను. ఏడు సార్లు, రెండు వందల యాభై తొమ్మిది. తొమ్మిది సార్లు. ఐదు సార్లు. మళ్ళీ ఏడు సార్లు, మళ్ళీ రెండు వందల యాభై తొమ్మిది. కింద గీత గీశాను. ముప్పై ఆరు రాయమని చేతికి చెప్పాను. చెయ్యి వినలేదు. నలభై రెండు అన్న నోరు వేరు, జవాబుల పేజీ లేని పుస్తకంతో ముప్పై ఏళ్ళు కుస్తీ పట్టిన చెయ్యి వేరు.

సున్నా రాశాను.

"మాకు శేషం లేదు. యాభై ఏళ్ళుగా లేదు. నేను అబద్ధం ఆడాను" అన్నాను.

ఎవరో "ఓరి నీ..." అని మొదలుపెట్టి, నా వయసు గుర్తొచ్చి ఆగారు. అప్పుడు ముందు వరుసలోంచి అసిరమ్మొదిన లేచింది.

"ఆడొక్కడే ఏటి? మాకూ లేదు! పెళ్ళై వచ్చిన కొత్తల్లో నానే సేసినాను, సున్నా వచ్చింది. మా అత్త నోరు మూసీసి, సున్నా సెప్తే ఇంట్లో ఏటీ మిగల్లేదనుకుంతారే, ఊళ్ళో తలెత్తుకోలేం, ఉన్నదాంట్లో పెద్దది సెప్పీ అంది. సెప్పినాను. సచ్చినాను."

వెనకనుంచి ఎల్లాజీ చెయ్యెత్తాడు. "మాదీ సున్నే. మరీ సున్నా బాగోదని ఒకటన్నాం." అతని ఏడాది మాటలు అక్కడితో అయిపోయాయి.

కళాధర్ పెట్టె వైపు చూశాడు, పలక వైపు చూశాడు. "చిన్న భాజకం ముప్పై ఏడు. అంటే చట్టప్రకారం..." పాపం, అతని గొంతులో కూడా బాధే ఉంది. "ముప్పై ఏడు ముక్కలు."

వెనక ఒక ఆడమనిషి ఏడుపు మొదలుపెట్టింది. నేను తల దించుకున్నాను. అసిరమ్మొదిన మాత్రం వేళ్ళు మడుస్తోంది.

"బాబూ, ముక్కకో ఊరు గదా?"

"అవునమ్మా."

"ఊరికో మంచినీళ్ళ మిషను?"

"అవును."

"ఊరికో మెంబరు? మీ మండలిలో ఇప్పుడెంతమంది?"

"నలభై నలుగురు. మీ సభ్యుడితో కలిపి."

"మాదొకటి తీసీ. నలభై మూడు. ముప్పయ్యేడు కలుపు. ఏ మరిదీ?"

"ఎనభై" అన్నాను, తల ఎత్తకుండానే.

"ముప్పయ్యేడుమందిమి మేవే. ఇంకో నలుగురికి రొయ్యల కూర ఎట్టి మావైపు తిప్పుకుంతే?"

"నలభై ఒకటి. సగానికి మించి."

"అయితే మండలే మాది! సెయ్యండి బాబూ ముక్కలు, ఎందుకాలస్యం?"

కళాధర్ బకెట్టు కింద పెట్టాడు. పొద్దుట్నుంచి అదే మొదటిసారి. ముప్పై ఏడు మిషన్లు, ముప్పై ఏడు కుర్చీలు, వాటికి ఎదురుగా తన పై అధికారి మొహం, అన్నీ వరసగా అతని కళ్ళముందు కదిలాయని నాకు తెలిసిపోయింది. అంత భయంలో కడుపు తిప్పడం కూడా మానేసింది.

"పెద్దాయనా," అన్నాడు నాతో, చాలా మృదువుగా, "మీరు లెక్క ఎక్కడో తప్పు చేసుంటారు."

"తప్పా! కుండ పగిలింది బాబూ, మీ పెట్టె వాయించి సూసిందే గాని..."

"యంత్రం ప్రధాన సంఖ్యేనంది. చట్టంలో ఇంకో మాట ఉంది. లెక్క చేసినవాళ్ళు తమకు భాగహారం రాదని రాసిస్తే, యంత్రం మాటే చెల్లుతుంది."

"రాసిస్తాం," అంది అసిరమ్మొదిన వెంటనే, "గాని నీళ్ళ మిషను ముసిల్దైపోనాది."

"కొత్తది ఒకటి పంపిస్తాం."

"నెల్లోపు?"

"నెల్లోపు."

కాగితాలు తీశాడు. 'నాకు భాగహారం రాదు' అని అచ్చువేసినవి వాళ్ళ సంచిలో సిద్ధంగానే ఉన్నాయి. ఎన్ని ఊళ్ళలో ఎన్ని వేళ్ళు పడ్డాయో. అసిరమ్మొదిన వేలిముద్ర వేసి, ఆ సిరా పక్కవాడి చొక్కాకు తుడిచింది. ఎల్లాజీ వేశాడు. నా ముందుకు వచ్చింది కాగితం.

దాన్ని వెనక్కి జరిపాను. ఒక్క కాగితం మీద వేలు పెడితే వంద ఇళ్ళూ కలిసే ఉంటాయి, నీళ్ళూ వస్తాయి. తెలుసు. కాని డెబ్బై ఐదేళ్ళ బతుకులో నేను సొంతంగా సంపాదించుకున్నది ఆ భాగహారం ఒక్కటే. పడవ మామగారిచ్చింది, సంఖ్య గుమాస్తా ఇచ్చాడు.

దాలమ్మ వచ్చి పక్కన నిలబడింది, యాభై ఏళ్ళ కిందట నిలబడ్డట్టే.

"అప్పుడు రాకుండా వచ్చునన్నావు. ఇప్పుడు వచ్చి రాదనీ. లెక్క సరిపోతాది."

"నీకు అప్పుడే తెల్సా?"

"నలభై రెండన్నప్పుడే తెల్సు. గుమాస్తా నవ్వితే నానూ నవ్వినాను, నువ్వు సూల్లేదు."

సంతకం చేయబోతే కళాధర్ ఆపాడు. "వేలిముద్ర వెయ్యండి పెద్దాయనా. సంతకం చేసేవాడికి భాగహారం రాదంటే పైన నమ్మరు."

వేశాను. ముద్ర కాస్త అలుక్కుపోయింది. మిగిలిన ఎనభై ఎనిమిది ఇళ్ళవాళ్ళూ పలకలు పక్కన పెట్టేసి పండగ వంట మొదలుపెట్టారు. కళాధర్ చేపల పులుసు రెండుసార్లు వేయించుకున్నాడు. పడవ ఎక్కే ముందు నన్ను పక్కకు పిలిచి, చిన్నగా, "నూట తొమ్మిదితో కూడా పోతుందా?" అని అడిగాడు.

"నాకు భాగహారం రాదు బాబూ" అన్నాను.

రోజు 18,278

ఇవాళ కూడా ముప్పై ఏడుతో పోయే రోజే. అయినా రాస్తున్నాను, గడ్డం కూడా గీసుకున్నాను.

కొత్త మిషను నిన్న వచ్చింది. గంటకు ముప్పై బిందెలు. ముప్పై ఏడు మిషన్లు వచ్చేవే అని కొంతమంది ఇంకా నిట్టూరుస్తున్నారు. వాళ్ళను పట్టించుకోకూడదు.

పొద్దున్న అసిరమ్మొదిన బిందె పట్టుకుని వచ్చింది. నీళ్ళకేమో అనుకున్నాను. పలక అడిగింది. పడవ అంచు మీద కూర్చుని, ఊరి సంఖ్య రాసి, డెబ్బై మూడుతో భాగించింది. చాలాసేపు పట్టింది, మధ్యలో ఒకసారి చెరిపి మళ్ళీ చేసింది. నాలుగు వేల ముప్పై మూడు వచ్చింది, కింద సున్నా. పలక నాకిచ్చి చూడమంది.

చూశాను. సరిగ్గానే ఉందన్నాను.

కొంగుతో పలక తుడిచి, బిందె నింపుకొని, వెళ్ళిపోయింది.